1977 ఎంజీబీలో పికప్ పెరగాలంటే ముందు వెబర్ కొనాలా?

ప్రశ్న టూకీగా ఇదీ. డల్లాస్ దగ్గర ఉండే ఒకాయన 1977 ఎంజీబీ రోడ్‌స్టర్, అంటే టాప్ తీసి నడిపే పాత ఇంగ్లిష్ స్పోర్ట్స్ కారు, కొన్నారు. ఇంజన్ ఒరిజినల్‌దే, గాలీ పెట్రోలూ కలిపి ఇచ్చే కార్బొరేటర్ ఒక్కటే. పికప్ లేదు, హైవే ఎక్కాలంటే టెన్షన్. చేతిలో నాలుగు వేల డాలర్లు ఉన్నాయి. తెలిసినవాళ్లలో ఒకరు వెబర్ 45 అనే పెద్ద కార్బొరేటర్ పెట్టించమన్నారు, ఇంకొకరు ఏకంగా ఎనిమిది సిలిండర్ల వీ8 ఇంజనే వేసేయమన్నారు. ముందు ఏది చేయాలని అడుగుతున్నారు.

సూటిగా చెప్తాను. వెబర్ వద్దు. వీ8 ఇప్పుడే వద్దు. మొదట ఇంజన్ ఆరోగ్యం చూడండి. తర్వాత ఇగ్నిషన్ మార్చండి. ఆ తర్వాత పాత పద్ధతిలో రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు, వాటికి తగ్గ ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ వేయండి. అంతవరకు చేసి ఒక సీజన్ నడపండి. ఇంకా కావాలనిపిస్తే డబ్బు సిలిండర్ హెడ్ మీద, అంటే వాల్వులుండే ఇంజన్ పైభాగం మీద పెట్టండి. అసలు పవర్ అక్కడుంది. హైవే టెన్షన్‌కు మాత్రం మందు ఇంజన్‌లో కాదు, గేర్‌బాక్స్‌లో ఉంది. ఆ సంగతి కింద రాశాను.

నేను హ్యూస్టన్ దగ్గర ఉంటాను. ఉద్యోగం వేరు. ఇంట్లో గ్యారేజీలో ఇంగ్లిష్ కార్లు విప్పి బిగించడం చాలా ఏళ్లుగా ఉన్న పిచ్చి. ఎంజీబీలు నా దగ్గరా ఉన్నాయి, తెలిసినవాళ్లవీ వస్తుంటాయి. మీ ఎండలే మావీ కాబట్టి వేడి గురించి చెప్పేవి మీకూ వర్తిస్తాయి.

మీ కారు పుట్టుకతో బలహీనమైనది కాదు. 1962లో ఎంజీబీ వచ్చినప్పుడు 1798 సీసీ ఇంజన్‌కు 95 హార్స్‌పవర్ అని చెప్పారు. అప్పటి కొలత కాస్త ఉదారంగా ఉండేది, అది వేరే సంగతి. అరవై మైళ్ల వేగం అందుకోవడానికి 12 సెకన్ల ప్రాంతంలో పట్టేది. తర్వాత అమెరికాలో పొగ నిబంధనలు బిగిశాయి. 1975 మోడల్ నుంచి ఇక్కడికి పంపిన బండ్లకు జంట ఎస్‌యూలు తీసేసి ఒకే ఒక్క జెనిత్ స్ట్రాంబర్గ్ పెట్టారు. చాలా కార్లలో దాని కిందే వేడివేడిగా క్యాటలిటిక్ కన్వర్టర్. కంప్రెషన్ నిష్పత్తిని, అంటే పిస్టన్ లోపలి గాలిని ఎన్నో వంతుకు నొక్కుతుందన్న లెక్కను, 8కి దించారు. మిగిలింది 62.5 హార్స్‌పవర్. అదే కాలంలో ఇంగ్లండ్‌లో అమ్మిన ఎంజీబీకి జంట ఎస్‌యూలతో, 9 కంప్రెషన్‌తో 84 ఉండేది. బ్లాకు అదే, క్రాంక్ అదే. అంటే మీరు కొత్తగా పవర్ కనిపెట్టాల్సిన పని లేదు, లాగేసుకున్నది వెనక్కి తెచ్చుకుంటే చాలు. ఈ తేడా అర్థమైతే సగం డబ్బు మిగులుతుంది.

ఇక పని. పార్టులు ఆర్డర్ చేసే ముందు ఒక శనివారం వీటికి కేటాయించండి.

ఇంజన్ వేడెక్కాక నాలుగు ప్లగ్గులూ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి పట్టుకుని కంప్రెషన్ కొలవండి. అంకె ఎంత వచ్చిందన్నదానికన్నా నాలుగూ దగ్గరదగ్గరగా ఉన్నాయా అన్నది ముఖ్యం. పది శాతం మించి తేడా ఉంటే ముందు దాని సంగతి తేల్చాలి. తక్కువ వచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూడండి. పెరిగితే రింగులు, పెరగకపోతే వాల్వులు. పక్కపక్కనే ఉన్న రెండో, మూడో సిలిండర్లు రెండూ తగ్గితే వాటి మధ్య గాస్కెట్ పోయి ఉండొచ్చు. ఈ హెడ్‌లో ఆ రెంటి ఎగ్జాస్ట్ వాల్వులూ ఒకే పోర్టులోకి ఊదుతాయి, వేడి అంతా అక్కడే చేరుతుంది. సీట్ల దగ్గర పగుళ్లు రావడం ఈ జాతికి పాత జబ్బు.

తర్వాత టాపెట్ల సందు, అంటే రాకర్‌కూ వాల్వుకూ మధ్య ఖాళీ. చల్లగా ఉన్నప్పుడు 15 థౌ, అంటే 0.38 మిల్లీమీటర్లు. ఇక్కడ ఒక చిట్కా ఉంది. వాల్వులకు ముందు నుంచి వెనక్కి 1 నుంచి 8 దాకా నంబర్లు వేసుకోండి. 8వది పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది సెట్ చేయాలి, 6వది తెరుచుకుంటే 3వది. ఎప్పుడూ రెండూ కలిపి తొమ్మిది రావాలి. ఫీలర్ గేజ్ పట్టీ జారాలి, కాని పట్టి లాగినట్టు తెలియాలి. పాత రాకర్ల కొసన గుంట పడి ఉంటుంది. గేజ్ ఆ గుంట మీద వంతెనలా కూర్చుని తప్పు కొలత చూపిస్తుంది. అన్నీ సరిగ్గా సెట్ చేసినా టకటక శబ్దం తగ్గకపోతే రాకర్ షాఫ్ట్ అరిగిందని అర్థం.

ఆయిల్ ప్రెషర్ కూడా చూడండి. వేడెక్కిన ఇంజన్, రోడ్డు మీద 50 నుంచి 70 పీఎస్ఐ మధ్య ఉంటే బంగారం. ఐడిల్‌లో 15కు పడినా కంగారు అక్కర్లేదు. రోడ్డు మీదే 30 చూపిస్తుంటే మాత్రం పవర్ ఆలోచన పక్కన పెట్టి, డబ్బు బేరింగుల కోసం దాచుకోండి.

ఇప్పుడు ఇగ్నిషన్. తక్కువ ఖర్చుతో ఎక్కువ తేడా కనిపించేది ఇక్కడే. 1977 అమెరికన్ కార్లకు ల్యూకస్ ఓపస్ అనే ఎలక్ట్రానిక్ డిస్ట్రిబ్యూటర్ వచ్చేది. వేడెక్కితే మొరాయిస్తుంది, చల్లబడితే ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అవుతుంది. నాకు తెలిసిన ఒక డాక్టర్ గారి కారు ఇలాగే ప్రతి వేసవిలో మధ్యాహ్నం వేళ ఆగిపోయేది. పెట్రోల్ ఆవిరైపోతోందని ఒక షాపులో పంపు మార్చారు, ట్యాంకు కడిగారు, చివరికి లైను కూడా మార్చారు. కారు ఆగిన చోటే ఒక ప్లగ్గు వైరు పీకి చూస్తే స్పార్క్ లేదు. పెట్రోల్ నిండుగా ఉంది. కారు ఆగిపోయిన ఆ నిమిషంలోనే స్పార్క్ చూడాలి, టో ట్రక్కు మీద ఇంటికి తెచ్చాక చూస్తే అది వచ్చేసి ఉంటుంది.

మీది ఇంకా ఓపస్ అయితే తీసేయండి. బాగుచేసిన పాత ల్యూకస్ 25డీ డిస్ట్రిబ్యూటర్‌లో పెర్ట్రానిక్స్ లాంటి ఎలక్ట్రానిక్ కిట్ వేస్తే చవక. ఫోన్‌లో స్పార్క్ టైమింగ్ కర్వ్ మార్చుకునే 123ఇగ్నిషన్ డిస్ట్రిబ్యూటర్ ఖరీదైనది, కాని ముందుముందు హెడ్ పని చేయించేటట్టయితే ఆ డబ్బు వృథా కాదు. ఏది పెట్టినా లక్ష్యం ఒకటే: వాక్యూమ్ గొట్టం తీసి మూసేసి కొలిచినప్పుడు, 3500 ఆర్‌పీఎం దాటాక మొత్తం అడ్వాన్స్, అంటే పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ ఎంత ముందుగా పడుతోందన్నది, 32 డిగ్రీల చుట్టూ ఉండాలి. ఐడిల్‌లో ఎంతుందన్నది దాని తర్వాతి విషయం. కొలిచాక వాక్యూమ్ గొట్టం మళ్లీ తగిలించండి. రేసు కార్లకు ఉండదని కొందరు తీసి పారేస్తారు. రోడ్డు మీద మైలేజీకి, ఇంజన్ చల్లగా ఉండటానికి అది కావాలి.

టైమింగ్ లైటు పెట్టే ముందు ఇంకో సంగతి. క్రాంక్ పుల్లీ లోపలి ముక్కకూ బయటి రింగుకూ మధ్య రబ్బరు ఉంటుంది. యాభై ఏళ్ల రబ్బరు. అది పట్టు వదిలితే బయటి రింగు జారుతుంది, దానిమీదున్న గీత కూడా దాంతోపాటే జారుతుంది. పోయినేడు నా దగ్గరకు వచ్చిన 1979 కారులో గీత పది డిగ్రీల పైనే తప్పింది. యజమాని పుస్తకం ప్రకారం పెట్టానంటాడు, ఇంజనేమో ఎత్తు ఎక్కుతుంటే గింజలు వేయించినట్టు నాక్ కొడుతుంది. ఇద్దరిదీ నిజమే. ఒకటో ప్లగ్గు రంధ్రంలో పిస్టన్ స్టాప్ బిగించి, ఇంజన్‌ను చేత్తో మెల్లగా అటూ ఇటూ తిప్పి, పిస్టన్ తగిలిన రెండు చోట్లా పుల్లీ మీద గుర్తు పెట్టండి. ఆ రెంటికీ సరిగ్గా మధ్యలో ఉన్నదే నిజమైన పై చుక్క, అంటే పిస్టన్ అన్నిటికన్నా పైకొచ్చే చోటు. పాత గీత దాంతో కలవకపోతే ఆ పుల్లీని నమ్మకండి, మార్చేయండి.

జంట ఎస్‌యూలు ఎందుకంటే ఈ ఇంజన్ వాటి కోసమే పుట్టింది. హెచ్ఎస్4 దొరికినా మంచిదే, 1972 నుంచి వచ్చిన హెచ్ఐఎఫ్4 దొరికినా మంచిదే. రెంటికీ గొంతు ఒకటిన్నర అంగుళాలు. కొనేటప్పుడు త్రాటిల్ షాఫ్ట్‌ను వేళ్లతో పైకీ కిందికీ కదిపి చూడండి. లొడలొడలాడితే అక్కడినుంచి గాలి పీలుస్తుంది, ఇక ఎంత ట్యూన్ చేసినా ఐడిల్ నిలవదు. షాఫ్టులు, బుష్‌లు కొత్తగా వేయించాకే బిగించండి. క్రాంక్‌కేస్ గాలి లాగడానికి కార్బొరేటర్ మీద గొట్టం ముక్కు ఉన్నవే తీసుకోండి. అది లేని మరీ పాతవి తెస్తే లోపలి ఒత్తిడి బయటికి పోయే దారి లేక ఉన్న ఆయిల్ లీకులు రెట్టింపవుతాయి.

ఎగ్జాస్ట్‌కు స్టీల్ హెడర్ కొనబోతున్నారేమో, ఆగండి. 1974కు ముందు జంట ఎస్‌యూ కార్లకు వచ్చిన పోత ఇనుప మానిఫోల్డ్ చాలా మంచి డిజైన్. రోడ్డు ఇంజన్‌కు మార్కెట్లో దొరికే సగటు హెడర్ దాన్ని మించి ఇచ్చేదేమీ లేదు. పైగా పోత ఇనుము అంత తేలిగ్గా పగలదు, మోగదు, కార్బొరేటర్ల కింద వేడి తక్కువ చిమ్ముతుంది. పాత సామాను అమ్మేవాళ్ల దగ్గర చవగ్గా దొరుకుతుంది. హీట్ షీల్డ్, కార్బొరేటర్‌కూ మానిఫోల్డ్‌కూ మధ్య మందపాటి స్పేసర్లు మాత్రం మరిచిపోవద్దు. ఈ ఇంజన్‌లో ఇన్‌లెట్టూ ఎగ్జాస్టూ రెండూ ఒకే పక్కన ఉంటాయి. ఆగస్టులో గ్యాస్ స్టేషన్‌లో పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేసేటప్పుడు షీల్డ్ విలువ తెలుస్తుంది. పెట్రోల్ గొట్టాలు ఇథనాల్ తట్టుకునే రకం కొత్తవి వేయండి. పంపు ప్రెషర్ 3 పీఎస్ఐ లోపే ఉండాలి. షాపులో దొరికిన ఏదో ఎలక్ట్రిక్ పంపు తెచ్చి పెడితే ఫ్లోట్ సూది దాన్ని ఆపలేదు, పెట్రోల్ పొంగి వేడి మానిఫోల్డ్ మీద పడుతుంది.

ఎస్‌యూ ట్యూనింగ్ బ్రహ్మవిద్య అనుకుంటారు. వరస తప్పకపోతే తేలిక. టాపెట్లు, టైమింగ్ అయ్యాకే దీని జోలికి రండి. ఇంజన్ బాగా వేడెక్కాక రెండు కార్బొరేటర్లనూ కలిపే రాడ్ క్లాంపులు వదులు చేయండి. ఒక రబ్బరు గొట్టం ఒక కొస చెవి దగ్గర, రెండో కొస కార్బొరేటర్ నోట్లో పెట్టి 'స్‌స్‌' శబ్దం వినండి. రెంట్లోనూ ఒకేలా వినబడేదాకా ఐడిల్ స్క్రూలు తిప్పండి. తర్వాత మిశ్రమం. ఒక కార్బొరేటర్ పిస్టన్‌ను కింది పిన్నుతో, లేదా సన్నటి స్క్రూడ్రైవర్‌తో ఒక మిల్లీమీటరు కన్నా తక్కువే పైకెత్తండి. ఇంజన్ వేగం పెరిగి అలాగే నిలిస్తే పెట్రోల్ ఎక్కువైంది. పడిపోయి ఆగబోతే తక్కువైంది. కాస్త పెరిగి వెంటనే మామూలుకు వస్తే సరిగ్గా ఉన్నట్టు. హెచ్ఎస్4లో కింద జెట్ నట్టును ఒక్కో పలక చొప్పున తిప్పాలి, పైకెక్కితే పెట్రోల్ తగ్గుతుంది, కిందికి దిగితే పెరుగుతుంది. హెచ్ఐఎఫ్‌లో పక్కన స్క్రూ ఉంటుంది, గడియారం తిరిగే దిక్కుకు తిప్పితే పెరుగుతుంది. ఒకటి మార్చాక రెండోది మళ్లీ చూడాలి. పైనున్న డ్యాష్‌పాట్‌లలో 20 నంబరు ఆయిల్ ఉందో లేదో చూడండి. అది ఎండిపోతే యాక్సిలరేటర్ తొక్కగానే కారు ఒక్క క్షణం తడబడుతుంది, జనం దాన్ని కార్బొరేటర్ పోయిందని అనుకుంటారు.

ఐడిల్ సరిపోయిందంటే రోడ్డు మీదా సరిపోయిందని కాదు. ఎయిర్ ఫిల్టర్, ఎగ్జాస్ట్ మారాక పెట్రోల్ ఎంత వెళ్లాలో కొలిచే ఎస్‌యూ లోపలి సూదులు కూడా మార్చాల్సి రావచ్చు. సైలెన్సర్ పైపులో వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ పెట్టి చూస్తే ఊహాగానాలు ఉండవు. పెట్రోల్‌కు గాలి ఎన్ని రెట్లన్న అంకె పూర్తిగా తొక్కినప్పుడు 12.5 నుంచి 13 మధ్య, నింపాదిగా పోయేటప్పుడు 14 పైన ఉంటే చేయి కడుక్కోవచ్చు. రోలింగ్ రోడ్ డైనో మీద రెండు గంటలు పెట్టించినా అదే పని అవుతుంది. ఎస్‌యూలు తెలిసిన మనిషి దొరకడమే కష్టం.

మరి వెబర్ 45 ఎందుకు వద్దన్నాను? ఎంజీ ఫ్యాక్టరీ రేసు బండ్లలో అదే వాడిన మాట నిజం. 1963లో లీ మాన్స్ 24 గంటల రేసుకు వెళ్లిన ఎంజీబీ కథ నాకు చాలా ఇష్టం. మొదట్లోనే మల్సాన్ మలుపు దగ్గర ఇసుకలో దిగబడితే డ్రైవర్ ఆలన్ హచెసన్ గంటకు పైగా చేతులతో తవ్వి బయటికి తీశాడు. అయినా పాడీ హాప్‌కిర్క్‌తో కలిసి 24 గంటలూ నడిపి తన క్లాసులో మొదటి స్థానం, మొత్తంలో పన్నెండో స్థానం తెచ్చుకున్నాడు. అది పొద్దస్తమానం పూర్తి వేగంలో ఉరికే ఇంజన్. మీది ట్రాఫిక్ లైట్ల మధ్య 2000, 3000 ఆర్‌పీఎంలో తిరిగే ఇంజన్.

ఈ హెడ్‌కు నాలుగు ఇన్‌లెట్ పోర్టులు లేవు, రెండే ఉన్నాయి. 1, 2 సిలిండర్లకు ఒకటి, 3, 4కు ఒకటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2 కాబట్టి 2వది పీల్చిన వెంటనే పక్కనున్న 1వది పీలుస్తుంది, ఆపైన చాలాసేపు ఖాళీ. రెండో జతలోనూ అంతే, 3 తర్వాత 4. గాలి ఒక వరసలో రాదు, కుదుపులుగా వస్తుంది. ఎస్‌యూ పిస్టన్ గాలిని బట్టి తనంతట తానే లేచి దిగుతుంది కాబట్టి ఈ కుదుపుల్ని సర్దుకుంటుంది. వెబర్ గొంతు కొలత మారదు. చోక్, మెయిన్ జెట్, ఎయిర్ కరెక్టర్, ఎమల్షన్ ట్యూబ్, ఐడిల్ జెట్ అన్నీ మీ ఇంజన్‌కు తగినట్టు ఎంచుకోవాలి. డబ్బాలోంచి తీసి బిగించిన వెబర్ సరిగ్గా కుదిరిన కారు నేను చూడలేదు. దానివల్ల లాభం వచ్చేది హెడ్, కామ్ (వాల్వుల్ని తెరిచే షాఫ్ట్) రెండూ మారాక, అదీ పై ఆర్‌పీఎంలో. ఆ అందమైన గొట్టాల శబ్దం మీద మనసు పడితే అది వేరే విషయం, దానికి నా దగ్గర వాదన లేదు.

చిన్న వెబర్, అంటే పైనుంచి కిందికి ఊదే 32/36 డీజీవీ, మీ పాత స్ట్రాంబర్గ్ కన్నా నయం. చవక, పెద్దగా మెయింటెనెన్స్ ఉండదు. కాని జంట ఎస్‌యూల దగ్గరికి రాదు.

హైవే టెన్షన్ సంగతి. మీ కారుకు ఓవర్‌డ్రైవ్, అంటే అదే వేగానికి ఇంజన్ ఇంకా నెమ్మదిగా తిరిగేలా చేసే అదనపు గేరు, ఉందా? గేర్ నాబ్ మీద చిన్న స్విచ్ ఉండాలి. అది లేకపోతే నాలుగో గేర్‌లో వెయ్యి ఆర్‌పీఎంకు 18 మైళ్ల లోపే వస్తుంది. అంటే 70 మైళ్ల దగ్గర ఇంజన్ 3900 మీద అరుస్తుంటుంది. ఓవర్‌డ్రైవ్ ఉంటే అదే వేగం 3200కు దిగుతుంది. పైగా టాప్ తీసి నడిపేటప్పుడు ఆ ఏడు వందల తేడా చెవులకు బాగా తెలుస్తుంది. స్విచ్ ఉండి పని చేయకపోతే చాలాసార్లు పోయేది వైరింగో, సోలెనాయిడో, గేర్‌బాక్స్ ఆయిల్ తగ్గడమో. విప్పక ముందే అవి చూడండి. అసలు లేకపోతే ఓవర్‌డ్రైవ్ ఉన్న పాత గేర్‌బాక్స్ వెతకొచ్చు, లేదా ఫోర్డ్ టైప్ 9, మాజ్దా ఎంఎక్స్-5 ఐదు గేర్ల బాక్సులకు దొరికే కిట్లు వేసుకోవచ్చు. ఏదైనా ఇంజన్ బయటికి తీయాల్సిన పనే, మీ బడ్జెట్‌లో పెద్ద భాగం మింగేస్తుంది. అయినా హైవేనే మీ బాధ అయితే నేను మొదటి వెయ్యి ఇగ్నిషన్, కార్బొరేటర్లకు పెట్టి మిగతాది దీనికే దాస్తాను. హైవే ఎక్కే ర్యాంపు మీద వేగం అందుకోవడానికి అలా వెనక్కి తెచ్చుకున్న పవర్ చాలు. ఎక్కాక గంటల తరబడి నడపడానికి గేరు కావాలి.

సస్పెన్షన్, బ్రేకుల గురించి క్లుప్తంగా. టైర్ల పక్కన డాట్ నంబరులో చివరి నాలుగంకెలు చూడండి. 1512 అంటే 2012లో 15వ వారం. ట్రెడ్ ఎంత నిండుగా ఉన్నా ఆ వయసు టైర్లతో కారు వేగం పెంచకండి. బ్రేకు రబ్బరు గొట్టాలు, ఫ్లూయిడ్ మార్చేయండి. ముందు డిస్కులు ఒరిజినల్‌వి ఈ బరువుకు చక్కగా సరిపోతాయి. నల్ల బంపర్లు వచ్చినప్పుడు అమెరికన్ బంపర్ ఎత్తు రూల్ కోసం కారును అంగుళం పైగా లేపారు, మలుపుల్లో ఊగడానికి ఒక కారణం అదే. ముందు కురచ స్ప్రింగులు, వెనక కమాను పట్టీల దగ్గర లోవరింగ్ బ్లాకులు పెడితే దిగుతుంది. పాత క్రోమ్ బంపర్ కారు క్రాస్ మెంబర్ తెచ్చి వేయమని ఎవరైనా చెప్తే వినకండి, స్టీరింగ్ ర్యాక్ కోణం కుదరదు. లీవర్ డ్యాంపర్లలో ఆయిల్ ఉందో లేదో కూడా చూడండి. చాలా కార్లలో అది ఎప్పుడో కారిపోయి ఉంటుంది.

ఒక సీజన్ నడిపాక ఇంకా కావాలంటే, హెడ్. బి సిరీస్ (మీ ఇంజన్ జాతి పేరు) హెడ్‌లోని గుండె ఆకారపు దహన గది హ్యారీ వెస్లేక్ ఆలోచన. దాని రూపం మంచిదే కాని పోర్టులు ఇరుకు, పోతపోసినప్పటి గరుకు అలాగే ఉంటుంది. మంచి పనివాడు వాల్వ్ సీటు కిందున్న మెట్టును నునుపు చేసి, 1.625 అంగుళాల ఇన్‌లెట్ వాల్వులు వేసి, ఎగ్జాస్ట్‌కు గట్టి సీట్లు కొట్టి ఇస్తే ఇంజన్ స్వభావమే మారిపోతుంది. పోర్టు పెద్దది చేయడం గొప్ప కాదు. ఎక్కడ చెక్కాలో, ఎక్కడ చేయి పెట్టకూడదో తెలియాలి. ఇంట్లో గ్రైండర్ పట్టుకుని మొదలుపెట్టకండి, కింద నీటి జాకెట్ పలుచగా ఉంటుంది.

కంప్రెషన్ పెంచడానికి హెడ్ ఫేసింగ్ చేయిస్తారు, అంటే హెడ్ అడుగు భాగాన్ని గీయించి తగ్గిస్తారు. 'అరవై థౌ గీసేయండి' అని గుడ్డిగా చెప్పకూడదు. లెక్క ఇలా ఉంటుంది. ఒక సిలిండర్ 449.5 సీసీ. 8 కంప్రెషన్‌కు పైన మిగిలే చోటు 64 సీసీ, 9కి 56 సీసీ. అంటే మీరు తగ్గించాల్సింది 8 సీసీ. దహన గది మీద రంధ్రమున్న ప్లాస్టిక్ పలక గ్రీజుతో అతికించి, బ్యూరెట్‌తో కిరోసిన్ పోసి కొలవండి. గాస్కెట్ మందం, పిస్టన్ నెత్తిమీది గుంట, బ్లాకు పైభాగానికి పిస్టన్ ఎంత లోతులో ఆగుతోంది, ఇవన్నీ కలిపి చూశాకే ఎంత గీయాలో తేలుతుంది. ఇంతకు ముందు యజమాని ఒకసారి గీయించి ఉండొచ్చు. తెలిసినవాళ్ల కారు ఒకటి ఇలా కొలవకుండా గీసిచ్చారు. 93 ఆక్టేన్ పోసినా నాక్ ఆగక, చివరికి హెడ్ పారేసి ఇంకోటి కొనాల్సి వచ్చింది. మా ఎండల్లో 9 నుంచి 9.3 మధ్య ఆపితే నిశ్చింతగా ఉంటుంది.

హెడ్ దింపినప్పుడు కామ్ కూడా మార్చాలనిపిస్తుంది. ఫాస్ట్ రోడ్ అని అమ్మే వాటిలో అన్నిటికన్నా మెత్తనిది తీసుకోండి. కామ్‌తో పాటు టాపెట్లు తప్పనిసరిగా కొత్తవే వేయాలి, టైమింగ్ గొలుసు ఒంటి వరసది అయితే జంట వరసది వేయాలి. మొదటిసారి స్టార్ట్ అయ్యాక ఐడిల్‌లో వదలకండి. 2000 నుంచి 2500 మధ్య ఇరవై నిమిషాలు తిప్పాలి, లేకపోతే కామ్ ముక్కులు మొదటి రోజే అరిగిపోతాయి. ఆయిల్ 20డబ్ల్యూ-50, జింక్ ఎక్కువున్న రకం. ఇవన్నీ కుదిరితే వంద హార్స్‌పవర్ దాటించడం కష్టం కాదు. 1050 కిలోల కారుకు అది సరదా తీరే పవరే.

వీ8. నాకేమీ దాని మీద కోపం లేదు. ఫ్యాక్టరీయే 1973 నుంచి 1976 దాకా 3.5 లీటర్ల రోవర్ వీ8తో జీటీ అమ్మింది, 2591 కార్లు చేసింది. ఆ ఇంజన్ మూలం ఇక్కడి బ్యూక్ 215 అల్యూమినియం వీ8 కాబట్టి అమెరికాలో దాన్నే వెతికి వేస్తుంటారు. అల్యూమినియం కాబట్టి ముందు భాగం బరువు పెద్దగా పెరగదు. నల్ల బంపర్ బాడీలో చోటు కూడా ఉంది. కాని నాలుగు వేలతో అది మొదలవుతుంది, పూర్తవదు. ఇంజన్ తర్వాత గేర్‌బాక్స్, రేడియేటర్, ఎగ్జాస్ట్, బ్రేకులు, వెనక యాక్సిల్ వరసగా చేయి చాస్తాయి. గ్యారేజీల్లో ఏళ్ల తరబడి సగంలో ఆగిపోయిన ఎంజీబీల్లో ఎక్కువ వీ8 కలలే. మీకు వెల్డింగ్ వచ్చి, నడపడానికి ఇంకో కారుండి, ఓపికుంటేనే.

చట్టం మాట. టెక్సస్‌లో ఇంత పాత కారుకు పొగ పరీక్ష లేదు. అయితే ఎమిషన్స్ సామాను తీసేయడం ఫెడరల్ చట్టం ప్రకారం తప్పే, ఆ సంగతి తెలిసే నిర్ణయం తీసుకోండి. తీసిన ప్రతి ముక్కకూ చీటీ కట్టి అట్టపెట్టెలో దాచండి, ముఖ్యంగా ఆ స్ట్రాంబర్గ్ మానిఫోల్డ్. రేపు కాలిఫోర్నియా వెళ్లినా, అక్కడివాళ్లకు అమ్మినా అవసరమవుతుంది. అక్కడ 1975, అంతకు ముందు మోడళ్లకే స్మాగ్ చెక్ మినహాయింపు. మీది రెండేళ్లు లేటు. పెట్రోల్ ఆవిరి పట్టే బొగ్గు డబ్బాను మాత్రం ఎక్కడున్నా తీయకండి. దానివల్ల పవర్ ఏమీ తగ్గదు, అది లేకపోతే గ్యారేజీ అంతా పెట్రోల్ కంపు.

ఈ వారం కంప్రెషన్ అంకెలు నాలుగూ, వేడి మీద ఆయిల్ ప్రెషర్, గేర్ నాబ్ మీద స్విచ్ ఉందో లేదో, డిస్ట్రిబ్యూటర్ మీద చెక్కిన నంబరు ఇక్కడ పెట్టండి. అవి చూశాక ఏ కార్బొరేటర్లు వెతకాలో, వాటిలో ఏ సూదితో మొదలుపెట్టాలో చెప్తాను. అప్పటిదాకా కార్డు బయటికి తీయకండి.